మూడు టన్నుల బెల్టు

సదానందానికి తన గొంతు వింటే తనకే రోత పుట్టింది. సోమవారం పొద్దున పదిన్నరకు, దవాఖాన మెట్ల మీద. ఇంకా లోపలికి అడుగైనా పెట్టలేదు, గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్‌ను "ఏం తమ్మీ, పిల్లలు మంచిగున్నరా?" అని పలకరించేశాడు. ఆ మనిషిని జన్మలో ఎన్నడూ చూసి ఎరగడు. అతనికి పిల్లలున్నారో లేరో, అసలు పెళ్లయిందో లేదో! పాపం ఆ వాచ్‌మన్ మాత్రం ఎవరో తెలిసినవాళ్లే అనుకుని లేచి నిలబడి నవ్వాడు. ముప్పై నాలుగేళ్లు బొగ్గు బావుల చుట్టూ, వర్క్‌షాపుల చుట్టూ తిరిగి సామాను అమ్మిన నోరు అది. బోల్టు దగ్గర్నించి బేరింగు దాకా, చైన్ బ్లాకు దగ్గర్నించి బరువులెత్తే బెల్టు దాకా ఏది అమ్మాలన్నా ముందు పిల్లల్ని అడగాలి. తరవాత మోకాళ్ల నొప్పుల్ని అడగాలి. ఆ తరవాతే సరుకు మాట.

చేతిలో సంచీ. సంచీలో అరడజను యాపిల్ పండ్లు, వాటి కింద ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం. పండ్లు సదానందం కొన్నవి. కాగితం సేటు ఇచ్చింది. సేటంటే రఘుపతి. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో రఘుపతి మిల్ స్టోర్స్ ఆయనదే. గంట కింద కౌంటర్ వెనక నిలబడి, అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటూ చెప్పాడు.

"సదన్నా, గురువారం పదకొండింటికి ఎంక్వైరీకి సర్కారు ఆఫీసర్ వస్తుండట. ఆ లోపల ముష్తాక్ తోటి దీని మీద దస్తఖత్ పెట్టియ్యి. నువ్వడిగితే పెడతడు. వేరేటోడు పోతె లొల్లయితది."

ఉన్నవి నాలుగే లైన్లు. గేర్‌బాక్సును ఎత్తేటప్పుడు దాని అంచుల దగ్గర బెల్టు కింద రబ్బరు ట్యూబు ముక్కలు పెట్టడం మరిచిపోయాననీ, అందుకే బెల్టు అంచుకు కోసుకుపోయి తెగిందనీ, తప్పు నాదేననీ, ఇందులో ఎవరి దోషమూ లేదనీ. కింద ముష్తాక్ పేరు. పేరు మీద సంతకానికి జాగా.

ముష్తాక్ కమాన్‌పూర్ దిక్కు ఒక ప్రైవేటు కాంట్రాక్టరు వర్క్‌షాపులో ఫిట్టరు. పోయిన శుక్రవారం రెండు టన్నుల గేర్‌బాక్సును హైడ్రా క్రేనుతో ఎత్తుతుంటే, రెండడుగులు లేచాక బెల్టు తెగింది. బెల్టు పసుపుపచ్చది. పసుపంటే మూడు టన్నులని ఆ పనిలో ఉన్న ఎవర్నడిగినా చెప్తారు. పైగా దానికి మూడు టన్నులని కుట్టిన లేబుల్ కూడా ఉంది. అయినా తెగింది. గేర్‌బాక్సు పడింది పీఠం మీద. పీఠం మీద బోల్టు రంధ్రాలు సరిచూస్తున్నది ముష్తాక్ కుడిచెయ్యి. మూడు వేళ్లు అక్కడే పోయాయి. మిగిలిన రెండూ ఉంటాయో లేదో డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు.

తప్పు ఫిట్టరుదేనని కాగితం ఉంటే కాంట్రాక్టరు చేతులు దులుపుకుంటాడు, బెల్టు అమ్మిన రఘుపతీ దులుపుకుంటాడు. ముష్తాక్‌కు పరిహారమూ ఉండదు, పనీ ఉండదు. ఈ సంగతి సదానందానికి తెలియంది కాదు. తెలిసే యాపిల్ పండ్లు కొన్నాడు. చూడండి మరి, పండ్లు కొనేటప్పుడు కూడా మచ్చ లేనివి ఏరి ఏరి కొన్నాడు!

"రాండ్రి అన్నా," అన్నాడు ముష్తాక్ సదానందాన్ని చూడగానే, లేవబోయి, మొహం నొప్పితో వంకరపోయి, మళ్లీ దిండు మీద వాలిపోయి. "నుస్రత్, అన్నకు స్టూలు వెయ్."

అతని భార్య నుస్రత్ బేగం కిటికీ దగ్గర్నించి వచ్చి స్టూలు జరిపి, మళ్లీ కిటికీ దగ్గరికే పోయి నిలబడింది. ముష్తాక్ కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు కట్టి, కడ్డీకి వేలాడదీసి ఉంది. సదానందం అటు చూడకుండా పండ్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎట్లున్నదే?"

"ఏం చెప్పాలె అన్నా. మూడు రోజుల సంది ఒక్కటే సోంచాయిస్తున్న. ట్యూబు ముక్కలు పెట్టిన యాది ఉన్నది. రెండు దిక్కుల పెట్టిన. వంగి, చెయ్యి లోపలికి పెట్టి మరీ సదిరిన. గట్లనే యాదికొస్తది. కాని మీ బెల్టు తెగది గదా? తెగిందంటే నేను పెట్టలేదన్నట్టే గదా?"

సదానందం బల్ల మీది పండ్లను వరసగా సర్దాడు.

"పదేండ్ల సంది మీరు తెచ్చిందే కడ్తున్న. ఎన్నడన్న దగా చేసిందా? మీరే చెప్పలే, బెల్టు మర్చిపోదు, మనిషే మర్చిపోతడని. గా మాట అందరికి చెప్తుంట నేను. ఆఖరికి నాకే అయింది." ముష్తాక్ నవ్వబోయాడు. "తలకాయ ఎక్కడ పెట్టుకున్ననో ఆ రోజు."

కాగితం తీయడానికి సాకు వెతుక్కోవాలేమో, ఎట్లా మొదలుపెట్టాలో అని దారి పొడుగునా రిహార్సల్ చేసుకుంటూ వచ్చాడు సదానందం. ఏదీ అక్కర్లేకపోయింది. సరుకు తనంతట తానే అమ్ముడుపోయింది. ఇట్లాంటి బేరం ముప్పై నాలుగేళ్లలో ఎన్నడూ తగల్లేదు.

కాగితం తీశాడు. తీసి, వెన్న రాసినట్టుండే ఆ గొంతుతోనే, "గదే రాసుకొచ్చిన ముష్తాక్. ఆఫీసోళ్లకు ఒక కాయితం ఉంటె పని జల్ది అయితది. నువ్వేం ఫికర్ చెయ్యకు, నీ సంగతి నేను మాట్లాడిన," అన్నాడు. ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

నుస్రత్ వాళ్లింటి ఉర్దూలో భర్తను అడిగింది, అందులో ఏం రాసి ఉందని. సదానందానికి అర్థమైంది. ఆ ఊళ్లో ఎవరికి అర్థం కాదు!

"అన్న తెచ్చిండు గదా," అన్నాడు ముష్తాక్ తెలుగులోనే, సదానందం కూడా వినాలన్నట్టు. "అన్న మనకు నుక్సాన్ చేస్తడా?"

ఎడమచేత్తో సంతకం. ముష్తాక్‌కు ఎడమచేత్తో పెన్ను పట్టడమే రాలేదు. మొదటి అక్షరం గీత దాటి కిందికి జారింది. రెండోది దాని మీదికెక్కింది. నుదుటి మీద చెమట పట్టింది. కాగితం కదిలిపోతుంటే సదానందమే దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు, బడిలో పిల్లవాడికి పలక పట్టుకున్నట్టు. సంతకం అయ్యేసరికి నిమిషం పైనే పట్టింది. అంతసేపూ సదానందం ఊపిరి బిగబట్టి ఉన్నాడు, ఎక్కడ మనసు మార్చుకుంటాడో అని కాదు, తాను పట్టుకున్న పట్టు ఎక్కడ సడలుతుందో అని. ఛీ, ఆ క్షణంలో కూడా పని చక్కగా జరగాలన్న ధ్యాసే.

"మంచిగ వచ్చిందా అన్నా?" అని అడిగాడు ముష్తాక్.

"మస్తుగొచ్చింది," అన్నాడు సదానందం.

*

మంగళవారం సేటు ఇంకో పని చెప్పాడు. ఆఫీసరు వచ్చేలోపు ఆ వర్క్‌షాపులో ఉన్న మిగతా పసుపు బెల్టులు మాయం కావాలి. వాటి స్థానంలో ఆరు అసలైన బెల్టులు, కంపెనీ పరీక్ష కాగితాలతో సహా, వేలాడుతూ కనిపించాలి. సదానందం ఆ ఆరింటిని స్కూటర్ ముందు కాళ్ల మధ్య పెట్టుకుని కమాన్‌పూర్ బాట పట్టాడు. ఓపెన్‌కాస్టు బొగ్గుగని, అదే ఓసీపీ, మట్టిలారీలు ఎదురొచ్చి దుమ్ము కొట్టి పోతున్నాయి. కర్చీఫ్ మూతికి కట్టుకున్నా పళ్ల మధ్య కరకరమంటూనే ఉంది.

షెడ్డులో హైడ్రా నడిపే సదయ్య ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్లు బువ్వకు పోయారు. సదయ్య లేచి, మూలన ఉన్న స్టాండు చూపించాడు.

"గవే అన్నా. తీస్కపో. తెగిందాన్ని ఎవలు ముట్టలే. గక్కడ్నే ఉన్నది."

గేర్‌బాక్సును పక్కకు జరిపారు గానీ పీఠం అట్లాగే ఉంది. కడిగినా మరక పోలేదు. పీఠం పక్కన నేల మీద లారీ ట్యూబు ముక్కలు రెండు పడున్నాయి. సదానందం వంగి ఒకటి తీశాడు. రబ్బరు మీద బెల్టు నొక్కుకున్న అచ్చు, నేత గీతలతో సహా, స్పష్టంగా దిగి ఉంది. రెండోదాని మీదా అంతే. అంచుల దగ్గర ముష్తాక్ వంగి, చెయ్యి లోపలికి పెట్టి సదిరిన ముక్కలు అవే.

"ముష్తాక్ భాయ్ పెట్టిండన్నా," అన్నాడు సదయ్య, అడక్కుండానే, నేల చూస్తూ. "క్యాబిన్ల కెళ్లి చూసిన నేను."

"మరి చెప్పకపోయినవ్?"

"చెప్తి. నీకు గంత దూరం కెళ్లి ఎట్ల కనవడ్తదిరా అన్నడు మేనేజర్. కనవడలేదని రాసిచ్చిన." సదయ్య మెడ మీద గోక్కున్నాడు. "నాగ్గూడ ఇల్లున్నది గదా అన్నా. నువ్వే చెప్పు, ఏం జేస్తు?"

సదానందం ట్యూబు ముక్క కింద పెట్టాడు. తెగిన బెల్టు తీసి వెలుతురులోకి తెచ్చాడు. అంచుకు కోసుకుపోతే కత్తితో కోసినట్టు నున్నగా తెగుతుంది. ఇది అంచు దగ్గర తెగనే లేదు. పైన, కొక్కేనికి జానెడు కింద, ఏ రాపిడీ లేనిచోట, చింపిరి జుట్టులా పీలికలై తెగింది. ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసి అంటించాడు. మంచి పోగైతే నల్లటి గట్టి గింజలా ముడుచుకోవాలి. ఇది కొవ్వొత్తిలా కారింది. మైనం వాసన ముక్కుకు కొట్టింది.

ఆ వాసన ఆయనకు కొత్తది కాదు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఈ మనిషి మీద లేనిపోని జాలి పుడుతుంది. బెల్టు మీద మూడు టన్నులని రాస్తే, అది నిజానికి ఏడు రెట్లు మోయాలి. అది భద్రత కోసం పెట్టిన లెక్క. ఆ ఏడు రెట్ల మీదే ఈ వ్యాపారమంతా. తయారు చేసేవాడు పోగు తగ్గించి కొంత తింటాడు, ఏడున్నాయి కదా అని. హోల్‌సేలువాడు నాసిరకం కలిపి కొంత తింటాడు, ఇంకా ఉన్నాయి కదా అని. ఏమీ రాయని తెల్ల లేబుల్‌తో వచ్చిన బెల్టుకు దుకాణం వెనక గోదాములో రఘుపతి మూడు టన్నుల లేబుల్ కుట్టిస్తాడు. అందరూ కొరికాక చివరికి బరువు కింద చెయ్యి పెట్టేవాడికి ఏం మిగిలిందో ఎవరూ చూడరు. గోదాములో కుట్టుమిషను పెట్టించమన్నది ఎవరనుకున్నారు? సదానందమే. పదకొండేళ్ల కింద, లేబుల్ ఊడిపోయిన బెల్టులు వాపస్ వస్తుంటే, మనమే కుట్టుకుందాం సేటూ అన్నాడు. ఆ మాటకు ఆ నెల సేటు ఆయనకు స్వీటు డబ్బా ఇచ్చాడు.

సదానందం షెడ్డు వెనక్కి నడిచి, హైడ్రా టైరుకు చెయ్యి ఆనించి, పొద్దున తిన్న ఉప్మా అంతా కక్కేశాడు. డ్రమ్ములో నీళ్లతో నోరు కడుక్కుని తిరిగి వచ్చేసరికి మెకానిక్ పోశం బువ్వ తిని వచ్చి, కొత్త బెల్టులు స్టాండుకు తగిలిస్తున్నాడు.

"కొత్తయి తెచ్చినవా కాకా? ఇగ బేఫికర్," అన్నాడు పోశం. "కాక తెచ్చిండంటె కండ్లు మూసుకొని కట్టుడే."

"కండ్లు తెరిచి కట్టుండ్రి రా," అన్నాడు సదానందం. పోశం అది హాస్యమనుకుని పడీ పడీ నవ్వాడు.

ఆరు పాత బెల్టులూ, తెగినదీ మోపు కట్టుకుని, దుకాణానికి చేరేసరికి మూడయింది. రఘుపతి చాయ్ తాగుతూ సంతకం కాగితాన్ని మరోసారి చూసుకుంటున్నాడు. మోపు చూసి కళ్లతోనే మెచ్చుకున్నాడు.

"తెగింది కాలవెట్టు. మిగిలినయి లోపల వెయ్. రామకృష్ణాపూర్ పార్టీ రోలర్ల కోసం ఆరు అడుగుతుండు. వాడికి రెండు టన్నులైతే చాలట. లేబుల్ రెండు కుట్టిస్తె సరిపోతది."

సదానందం మోపు దించనే లేదు. "సేటూ, ఇవి తెగేటియి."

"మూడుకు తెగినయ్. రెండుకు తెగయి."

"మూడుకు కాదు. రెండుకే తెగింది. గేర్‌బాక్సు రెండే."

"అబ్బ!" రఘుపతి కప్పు కింద పెట్టాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. పండుగకు పనివాళ్లందరికీ బట్టలు పెడతాడు, ఎవరింట్లో చావు జరిగినా ముందుంటాడు. విసుగ్గా, ఒక స్నేహితుడితో మాట్లాడినట్టే మాట్లాడాడు. "ఇయ్యాల కొత్తగ మాట్లాడుతున్నవేంది? ఏడు రెట్ల లెక్క నాకు చెప్పిందెవలు? నువ్వు గాదా? నేను డిగ్రీ ఫెయిలై ఈ గల్లా మీద కూసున్ననాడు నాకు బేరింగుకు బుష్‌కు ఫరక్ తెల్వది. అంత నువ్వు నేర్పిందే. ఇప్పుడు నువ్వే గిట్ల పిరికివడితే ఎట్ల సదన్నా? ఆయితారం నీకు సన్మానం పెట్టిన, యాదున్నదా? షాలువా గిట్ల తెప్పించిన. ముప్పై నాలుగేండ్ల సర్వీసు, పేరు మీద మచ్చ లేదు. రేపు జర రెస్టు తీస్కో."

మచ్చ లేదట! సదానందానికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్లంతా జిగట పూసినట్టయింది. మోపులోంచి ఒక బెల్టు లాగి సంచీలో పెట్టుకుని, మిగిలినవి అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. రఘుపతి వెనకనుంచి ఏదో అన్నాడు. ఓసీపీలో మధ్యాహ్నం బ్లాస్టింగు అయి, అద్దాలు దడదడలాడి, ఆ మాట వినపడలేదు.

*

ఇంట్లో భార్య రమ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. ఆయన మొహం చూసి, "ఏందయ్యా, గట్లున్నవ్?" అంది. ఆయన ఏమీ లేదన్నాడు. పొద్దుగూకే వేళకు అన్నం పెడితే కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికాడు. ఆమె ఊరుకోలేదు. అప్పుడు చెప్పాడు. లేబుల్ సంగతి, మైనం వాసన సంగతి, ఎడమచేతి సంతకం సంగతి, రామకృష్ణాపూర్ సంగతి. చెప్తున్నంతసేపూ రమ చిక్కుడు గింజలు వేరు చేస్తూనే ఉంది. అయ్యాక చేతులు దులుపుకుంది.

"నాకు చెప్పుడెందుకు? నా చెయ్యి పోయిందా?"

సదానందం తలెత్తి చూశాడు.

"చేసేటియి అన్ని చేసి ఇంటికొచ్చి అన్నం మీద అలుగుడేంది? ఎవని చెయ్యి పోయిందో వానికి చెప్పు పో."

"నౌకరీ పోతది. పేరు పోతది. నేనూ ఇరుక్కుంట."

"ఇరుక్కో." ఆమె గొంతులో కోపం కన్నా విసుగే ఎక్కువుంది. "నువ్వు దుకాణం పని బందువెట్టి ఇంట్ల కూసోమని మూడేండ్ల సంది మొత్తుకుంటున్న. జనం నన్ను బాజార్ల ఆపి, అన్న సామాను శానా మంచిదక్కా అంటరు. గా ముచ్చట విని మురిసిన నేను. థూ." కంచం ఆయన ముందు నుంచి తీసేసింది.

*

బుధవారం పన్నెండింటికి దవాఖానలో ముష్తాక్‌కు అప్పుడే కట్టు మార్చారు. చెయ్యి కడ్డీ నుంచి దించి, దుప్పటి మీద పెట్టి ఉంది. ఈసారి సదానందం పండ్లు తేలేదు. స్టూలు మీద కూర్చోలేదు. నుస్రత్ బేగం మూలన ఉన్న కుళాయి దగ్గర టిఫిన్ గిన్నెలు కడుగుతోంది.

"ముష్తాక్, నువ్వు ట్యూబు ముక్కలు పెట్టినవ్," అన్నాడు.

"ఏందన్నా?"

"పెట్టినవ్. వాటి మీద బెల్టు అచ్చు పడ్డది. నా కండ్ల తోటి చూసిన. నీ తప్పు లేదు. బెల్టే ఖరాబుది. మేమే మూడు టన్నుల లేబుల్ కుట్టినం దాని మీద. అది రెండుకు కూడ ఆగది."

ముష్తాక్ మెల్లగా నవ్వాడు. ఆ నవ్వులో ఒక తమ్ముడికి అన్న మీద ఉండే ప్రేమ ఉంది. అది చూసి సదానందానికి ఎక్కడైనా దూకి చావాలనిపించింది.

"అన్నా, మీరు నా మీద దయ తోటి చెప్తున్నరు. వద్దన్నా. మీ వయసుల నౌకరీ పోగొట్టుకుంటరా నా కోసం?"

"దయ కాదు రా. నిజం." సంచీలోంచి బెల్టు తీసి మంచం మీద పరిచాడు. గోరుతో నేత విప్పి, ఒక పోగు లాగి పుటుక్కున తెంచాడు. "చూడు. నిజమైన పోగు ఇట్ల తెగుతదా?"

"ఒక్క పోగేమన్నా బరువు మోస్తదా అన్నా? వెయ్యి పోగులు కలిస్తె బెల్టు. మీరే చెప్పిన్రు."

"ఈ లేబుల్ చూడు. మా గోదాముల కుట్టింది."

"లేబుల్ ఎక్కడ కుడితేంది? పోయిన ఎండకాలం గీటితోటే ఇంజన్ లేపినం. ఏం గాలే. రాసిన దానికి ఏడు రెట్లు మోస్తదని మీరే చెప్తిరి గదా."

ఏ మాట తీసినా దానికి ముష్తాక్ దగ్గర జవాబుంది. ఆ జవాబులన్నీ సదానందానివే. ఏ షెడ్డులో, ఏ చాయ్ గ్లాసు పట్టుకుని, ఎవరి భుజం మీద చెయ్యేసి చెప్పాడో కూడా గుర్తుకొస్తున్నాయి. తనను తానే కొట్టుకుంటున్నట్టుంది. ఎంత నాసిరకం సరుకైనా నాలుగు మాటల్లో అంటగట్టిన మనిషి, ఒక్క నిజం చెప్పడానికి చెమటలు కక్కుతున్నాడు. అది నిజమని వినేవాడికి తోచడం లేదు.

"బస్ అన్నా. సంతకం పెట్టిన. అయిపోయింది," అన్నాడు ముష్తాక్. "తప్పు చేసినోడు ఒప్పుకోవాలె."

కుళాయి ఆగింది. నుస్రత్ బేగం చేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చింది.

"ఈయన చెప్పేది నిజం," అంది.

"నీకేం తెలుసు బెల్టుల సంగతి?"

"బెల్టుల సంగతి తెల్వది. మనుషులు పేరు నిలవెట్టుకునేటందుకు అబద్ధం చెప్తరు. ఇన్నేండ్ల పేరు ఖరాబు చేసుకునేటందుకు ఎవలన్న చెప్తరా?" ఆమె మంచం పక్కన ఉన్న సంచీలోంచి బిడ్డ ఉమేరా నోటు బుక్కు తీసింది. చివరి పేజీ చింపి, బుక్కు అట్ట మీద ఉంచి సదానందం ముందు పెట్టింది. పెన్ను కూడా ఇచ్చింది. "ఇప్పుడు చెప్పింది దీంట్ల రాయుండ్రి."

సదానందం స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని రాశాడు. పేరు, దుకాణం పేరు, తన ఫోన్ నంబరు. గోదాములో మిషను, తెల్ల లేబుళ్లు, పసుపు బెల్టులు. ట్యూబు ముక్కల మీద పడ్డ అచ్చు. సోమవారం తాను తెచ్చిన కాగితం అబద్ధమని. ఇంకా అట్లాంటి బెల్టులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు చేసుకుని రాశాడు. రామకృష్ణాపూర్ వాళ్ల సంగతి కూడా. పేజీ నిండి వెనక్కి తిప్పాడు. సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చాడు. రాయడం అయ్యేసరికి గుండె కొంచెం తేలికపడినట్టనిపించింది. ఆ తేలికదనం మీద కూడా ఆయనకు అనుమానమే వచ్చింది.

నుస్రత్ బేగం తెలుగు మీడియంలో పదో తరగతి చదివింది. కిటికీ దగ్గరికి పోయి, నిలబడి, పెదవులు కదుపుతూ మొదట్నించి చివరి దాకా చదివింది. తిరిగి వచ్చి ఒక లైను మీద వేలు పెట్టింది.

"గీడ 'నాకు తెలియక ఈ బెల్టులు ఇచ్చాను' అని రాసిన్రు."

సదానందం ఆ లైను చూశాడు. నిజమే. అట్లాగే ఉంది. సరుకు మీద ఫిర్యాదు వచ్చినప్పుడల్లా దుకాణం నుంచి రాసే జవాబు ఎప్పుడూ అట్లాగే మొదలవుతుంది. చెయ్యి దానంతటదే రాసేసింది.

"తెల్వకనా?" అని అడిగింది నుస్రత్.

ముష్తాక్ దిండు మీద నుంచి తల కొంచెం లేపి ఆయన వైపే చూస్తున్నాడు.

"కాదు," అన్నాడు సదానందం.

"మరి తెలుసని రాయుండ్రి."

పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేశాడు. పైన 'తెలిసే' అని రాశాడు.

"కొట్టేసిన కాడ గూడ దస్తఖత్ పెట్టుండ్రి. రేపు మేమే దిద్దినం అంటరు."

పెట్టాడు. ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది.

"రేపు పదకొండింటికి మీరు వస్తరా ఆఫీసర్ ముందట?"

"వస్త."

"మంచిది. రాకున్నా ఈ కాయితమైతె వస్తది," అంది ఆమె, కోపం లేకుండా, గిన్నెలు సర్దుకుంటూ. "ఇగ మీరు పొండ్రి. వారు పండుకోవాలె."

సదానందం లేచాడు. బెల్టు మడిచి సంచీలో పెట్టుకున్నాడు. ఏదో ఒక మాట చెప్పకుండా పోవడం చేతకాక, మంచం దగ్గరికి వంగి, "ముష్తాక్," అంటూ చెయ్యి చాపాడు.

ముష్తాక్ ఆయన మొహంలోకి చూశాడు. ఇప్పుడు ఆ కళ్లలో అన్న లేడు. కట్టు కట్టిన చేతిని ఎడమచేత్తో మెల్లగా పట్టుకుని, నొప్పికి పళ్లు బిగబట్టి, ఆయనకు అందకుండా దుప్పటి కిందికి జరుపుకున్నాడు.